ఏడో పక్కటెముక

అల్లవరం,
సెప్టెంబరు 4, 2025

మహారాజశ్రీ కువైట్ మెస్సు వంటశాలాధిపతులు, మా బాబాయి చిన్న సత్యంగారి దివ్యసముఖానికి,

మీ అన్నగారి కూతురు, ఇంజినీరింగు పట్టా ఉండీ ఉద్యోగం లేని మమత, సాష్టాంగపడి రాయునది. ఇక లేచి కూర్చుంటాను, నడుం పట్టేసింది.

ఫోను చెయ్యకుండా మెయిల్లో ఇంత ఉత్తరమేమిటని అడుగుతావు. మనింట్లో ఫోను మోగిందంటే స్పీకరు పెట్టాల్సిందే, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి "బాగున్నారాండీ" అని నిన్ను పలకరించాల్సిందే. వాట్సాప్‌లో పెడితే నాన్న చదివేస్తాడు. మెయిలనే వస్తువొకటి లోకంలో ఉందని ఆయనకింకా తెలియదు. ఈ సంగతి కూడా తెలియకూడదు.

నాన్న కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. శనగగింజంత. దగ్గు తగ్గడం లేదని కాకినాడ తీసుకెళితే స్కాన్ తీయించారు. డాక్టరుగారు మన 2021 స్కాన్ అడిగారు. నువ్వు సెలవులో ఉండగా ఇద్దరికీ కోవిడ్ వచ్చి, ఒకే ఆటోలో వెళ్లి తీయించుకున్నారే, అది. బీరువాలోంచి కవరు తీసి పట్టుకెళ్లాను. అందులో మచ్చ లేదు. "అప్పుడు లేదు, ఇప్పుడుంది. కొత్తగా పుట్టిన మచ్చని నమ్మకూడదమ్మా. దీపావళి వెళ్లాక ఆ భాగం తీసేద్దాం," అన్నారు.

"మరి సన్నాయండీ?" అని అడిగింది అమ్మ.

"మామూలు పనులకి ఊపిరి సరిపోతుందమ్మా," అన్నారాయన.

ముప్ఫై ఏళ్లుగా సన్నాయి ఊదే మనిషికి మామూలు పని ఏది బాబాయ్? కార్తీకంలో పెళ్లిళ్లకి నాన్న అప్పుడే తాంబూలాలు పుచ్చేసుకున్నాడు. ఆయనకి "మందులతో పోయే మచ్చ" అని చెప్పాం. నమ్మి, రోజూ పొద్దున్నే సాధన చేస్తూ దగ్గుతున్నాడు. కల్యాణిలో కొంత, దగ్గులో కొంత.

నేను డాక్టరుగారి కాళ్లావేళ్లా పడ్డాను. "కోసేముందు పాత స్కాన్లూ కొత్త స్కానూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోబెట్టి చూస్తానండీ, నా చివరి ఏడాది ప్రాజెక్టు అదేనండీ," అని. ఆయన నన్ను వదిలించుకోడానికి "ఆయ్, చూడమ్మా" అన్నారు.

పని ఏమిటంటే, స్కాన్ అంటే పూతరేకుల దొంతర అనుకో. ఛాతీని రేకులు రేకులుగా తీస్తారు. 2021 దొంతరలో ఫలానా రేకుకి 2025 దొంతరలో ఏ రేకు జవాబో కనిపెట్టాలి. మనిషి ఒకసారి వంకరగా పడుకుంటాడు, ఒకసారి ఊపిరి ఎక్కువ పీలుస్తాడు. కంప్యూటర్లో జరిపి, తిప్పి, ఎముక మీద ఎముక కూర్చోబెడితే, అప్పుడు మచ్చ ఉన్న చోట పాత స్కాన్లో నిజంగా ఏముందో తేలుతుంది. 2018లో కొత్తపేట ఊరేగింపులో నాన్న ట్రాక్టరు మీంచి పడి, సన్నాయికి గీత పడకుండా కాపాడి, బదులుగా పక్కటెముక విరగ్గొట్టుకున్నప్పటి స్కాన్ కూడా ఉంది. కానీ దాన్ని బ్రెడ్డు ముక్కల్లా మందంగా కోశారు. శనగగింజ రెండు ముక్కల మధ్య హాయిగా దాక్కోగలదు. అందుకని భారమంతా 2021 మీదే.

అది మాత్రం కూర్చోవడం లేదు. మిషను తేడానేమో చూద్దామంటే అదే రోజు అదే మిషన్లో తీసింది నీదే ఉంది. నీ కవరులో సీడీ ఉంటుంది, ఎవరిచేతైనా కాపీ చేయించి పంపు. అర్జెంటు.

ఇట్లు, తమ పాదధూళిలో తుమ్ముతున్న,
మమత

*

కువైట్,
సెప్టెంబరు 9

చిరంజీవి మమతని బాబాయి దీవించి రాయించుకోకుండా తానే రాయడమేమనగా,

నీ ఉత్తరం చదివి సాంబారులో రెండుసార్లు ఉప్పేసేను. మెస్సులో అందరూ తిన్నారు, ఒక్కడూ నోరెత్తలేదు. ఇక్కడ ఉప్పెక్కువైతే వంటవాడికి ఇంటి మీద బెంగ అనుకుని ఊరుకుంటారు.

అన్నయ్యకి మచ్చేమిటే? బీడీ ముట్టడు, చుట్ట ముట్టడు. కుడివైపన్నావు, పైనా కిందా? దగ్గులో రక్తం పడుతుందా? ఎడం పక్కకి తిరిగి పడుకుంటే ఆయాసం వస్తుందా? ఇంకోటి. ఇలాంటి మచ్చతో నాలుగేళ్లు ఏమీ కాకుండా తిరిగేవాళ్లు ఉంటారా అని డాక్టరుగారిని అడుగు. నా కోసం కాదు. ఇక్కడ తెలిసినాయన ఒకాయన ఉన్నాడు.

నా సీడీ పోయింది. ఎక్కడ పోయిందో గుర్తు లేదు. దాని సంగతి వదిలెయ్యి. రాజోలు ఏసుదాసు వాళ్లన్నయ్య వస్తున్నాడు, ఖర్జూరాలు పంపుతున్నాను. అన్నయ్యకి రోజూ పెట్టండి, బలం.

ఇట్లు,
మీ బాబాయి

*

అల్లవరం,
సెప్టెంబరు 13

ఖర్జూర దానకర్ణులైన బాబాయికి,

సీడీ అడిగితే ఖర్జూరాలు పంపావు. రేపు డాక్టరుగారి బల్ల మీద పోస్తాను. "పాత స్కాన్ ఏదమ్మా" అంటే, "ఇదిగోనండి, గింజ తీసి చూడండి" అంటాను.

ఇక్కడ నా పరిస్థితి విను. 2018నీ 2025నీ కలిపితే వెన్నెముక మీద వెన్నెముక, భుజం మీద భుజం, వియ్యంకుల్లా ఆలింగనం చేసుకుంటున్నాయి. మధ్యలో 2021ని తీసుకొస్తే వీళ్లెవరో నాకు తెలీదన్నట్టు పక్కకి తప్పుకుంటుంది. వెన్నెముక కుదిర్చితే పక్కటెముకలు జారతాయి. పక్కటెముకలు కుదిర్చితే గుండె డొక్కలోకొస్తుంది. ఊపిరి తేడా అనుకున్నాను. "గాలి పీల్చి పట్టుకోండి" అంటే నాన్న మంగళహారతి అయ్యేదాకా పట్టుకునే రకం కదా, కోవిడ్‌లో పాపం అంత పట్టలేకపోయాడేమో అని సర్దిచెప్పుకున్నాను. చివరికి సాగదీశాను. సాగదీస్తే అన్నీ కుదిరాయి! ఎగురుకుంటూ కాకినాడ పట్టుకెళ్లాను. డాక్టరుగారు చూసి, "మరీ సాగదీస్తే మేక మీద గేదె కూడా సరిపోతుందమ్మా. నువ్వు సాగదీసినప్పుడు మచ్చ కూడా సాగింది చూశావా?" అన్నారు. చూశాను. బస్సులో అమ్మకి కనపడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మన రోడ్డు దుమ్ము మంచిది, కళ్లెర్రబడితే దాని మీద తోసెయ్యొచ్చు.

నీ తెలిసినాయన సంగతి కూడా అడిగాను. "నాలుగేళ్లు కదలకుండా ఉంటే అది మంచి మచ్చే" అన్నారు. ఆయన్ని ధైర్యంగా ఉండమను. మనకే ఆ అదృష్టం లేదు.

ఇక అసలు విషయం. నీ సీడీ పోయిందన్నావని సువర్ణ పిన్నితో అన్నాను. పిన్ని అంట్లు తోముతున్నదల్లా ఆగి, "పోయిందా? ఆ కవరు పట్టుచీరలా మడతపెట్టి పెట్టెలో పెట్టుకెళ్లేరమ్మా మీ బాబాయిగారు. పెళ్లి ఫోటో తీసుకెళ్లండి అంటే మటుకు బరువన్నారు," అంది. తర్వాత గిన్నెని మరీ గట్టిగా తోమింది.

అబద్ధమెందుకు చెప్పావు బాబాయ్?

మేక మీద గేదెని కూర్చోబెట్టలేకపోయిన,
మమత

*

కువైట్,
సెప్టెంబరు 21

మమతకి,

మీ పిన్నిని ఎందుకడిగేవు? నా విషయాలు మీరిద్దరూ కూర్చుని ఆరాలు తీస్తున్నారని నాకర్థమైంది. సీడీ, మిషను అన్నవన్నీ వంకలు. మీకు తెలిసిపోయింది. ఎవరు చెప్పేరో నేను అడగను.

నాలుగేళ్లు ఎందుకు రాలేదంటే ఇందుకే రాలేదు. ఇక కూడా రాను. వస్తే మీరంతా నా మొహంలోకి ఎలా చూస్తారో నాకు తెలుసు. ఇక్కడైతే ఎవరికీ పట్టదు, నా గిన్నెలు, నా గరిటె. నా మీద ఆశ పెట్టుకోవద్దని సువర్ణకి నెమ్మదిగా చెప్పు. అన్నయ్యకి చెప్పకు, తట్టుకోలేడు.

బాబాయి

*

అల్లవరం,
సెప్టెంబరు 23

శ్రీ చిన్న సత్యంగారికి,

బాబాయి అనడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నెమ్మదిగా చెప్పమన్నావు. నెమ్మదిగానే చదివి వినిపించాను, ప్రతి అక్షరం. పిన్ని అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవరంటమ్మా ఆవిడ?" అంది. కొంగు తీసి, "వంటొచ్చా?" అంది. "వంట ఆయనే చేస్తారు కదా పిన్నీ," అన్నాను. అప్పుడేడ్చింది.

అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నవాడివి సంసారపక్షంగా ఖర్జూరాలు పంపడమెందుకు? నాకు ఇంట్లో ఒక ఊపిరితిత్తి చాలు బాబాయ్, చూడు, అలవాటు చొప్పున బాబాయ్ అనేశాను, నీ గొడవ కూడా ఇప్పుడే తేవాలా? ఇక్కడ దసరా మేళాలకి నాన్న తయారవుతున్నాడు. సన్నాయి తుడుస్తూ, "చిన్నోడు డోలు పట్టుకుంటే నాకు సగం ఊపిరి ఆదా అయ్యేదే," అన్నాడు. నువ్వున్న రోజుల్లో ఎక్కడ దమ్ము తీసుకోవాలో నీ దెబ్బే చెప్పేదట. ఇప్పుడు వచ్చే డోలు కుర్రాడు పెళ్లికూతుర్ని చూస్తూ వాయిస్తాడట.

ఆయనకి ఆపరేషన్ అని ఇంకా చెప్పలేదు. నా దొంతరలు కుదరలేదు. అన్ని సాఫ్ట్‌వేర్లూ అయిపోయాయి, అన్ని తిట్లూ అయిపోయాయి. కొత్త తిట్లకోసం రేవులో జాలర్ల దగ్గర కూర్చోవాలి.

జవాబు అక్కర్లేదు.

మమత

*

అల్లవరం,
సెప్టెంబరు 30

బాబాయ్,

జవాబు అక్కర్లేదని నేనన్నానని నిజంగానే రాయలేదు నువ్వు. ఇంత విధేయత మన వంశంలో ఎప్పుడూ లేదు.

ఇది జాగ్రత్తగా చదువు. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించి చదువు.

జరపడం, తిప్పడం, సాగదీయడం అన్నీ మానేసి ఇవాళ మూడు స్కాన్లనీ పక్కపక్కన పెట్టి ఉత్త కళ్లతో చూశాను. ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది. ఇంజినీర్లం కదా, కళ్లు చివరికి వాడతాం. నాన్న కుడివైపు ఏడో పక్కటెముక, ట్రాక్టరు మీంచి పడ్డప్పుడు విరిగింది, 2018లో విరిగి ఉంది. 2025లో అతుక్కుని, అతుకు దగ్గర చెరుకు కణుపులా ఉబ్బి ఉంది. 2021లో ఏ కణుపూ లేదు. నున్నగా, కొత్త వెదురుబద్దలా ఉంది.

అంటే మా నాన్న పక్కటెముక 2018లో విరిగి, 2021లో దైవకృపవల్ల గుర్తు కూడా లేకుండా మానిపోయి, 2025 నాటికి తనంతట తనే మళ్లీ పాత విరుపుకొచ్చిందన్నమాట. అన్నవరం స్వామి కూడా ఇంత పని పెట్టుకోడు.

కవరు తిరగేసి చూశాను. "వి.వి. సత్యనారాయణ, 50, పురుషుడు." నాన్నకి అప్పుడు యాభై లేవే అని అమ్మనడిగాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ రోజు వయసులడిగితే మీ నాన్న 'ఇద్దరికీ యాభై వేసేయండి బాబూ, వెనకాల లైనుంది' అన్నాడే," అంది. మా తాతగారు కొడుకు పుడితే స్వామివారి పేరు పెడతానని మొక్కుకుని, ఏ కొడుక్కో స్వామికి చెప్పడం మర్చిపోయి, ఎందుకైనా మంచిదని ఇద్దరికీ వీరవెంకటసత్యనారాయణ అనే పెట్టేశాడు కదా. పేరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే, చివరికి వయసూ ఒకటే. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రెండు కవర్లూ నాన్న ఒళ్లో ఉన్నాయట. ఒకటి నీకిచ్చి, ఒకటి తను పెట్టుకుని, "ఏది ఎవరిదిరా అన్నయ్యా" అని నువ్వడిగితే, "పేరొకటే కదరా, ఏదైతే ఏముంది?" అన్నాడట.

బాబాయ్, నీ పక్కటెముక ఎప్పుడైనా విరిగిందా? నీ కవరులో ఏముంది?

నెల్లాళ్లుగా నేను తిప్పి తిప్పి చూస్తున్న గుండెకాయ నీదేనేమోనని అనుమానపడుతున్న,
మమత

*

కువైట్,
అక్టోబరు 2

మమతా,

పప్పు దించి చదివేను. తర్వాత మళ్లీ ఎక్కించడం మర్చిపోయేను. ఇవాళ మెస్సులో ఉత్త పచ్చడే.

నా పక్కటెముకలు ఎప్పుడూ విరగలేదు. డోలు మోసిన భుజం నొప్పి తప్ప నా ఒంట్లో మరమ్మతు జరిగిన భాగమే లేదు.

కవరు సంగతి చెబుతాను. ఇక్కడికొచ్చేక ఒకరోజు ఊరికే విప్పి రిపోర్టు చదివేను. నాకొచ్చిన ఇంగ్లీషెంత? పైన కోవిడ్ గురించేదో ఉంది. తర్వాత "కుడి ఊపిరితిత్తిలో మచ్చ, ఆరు నెలల్లో మళ్లీ చూపించుకోవాలి" అని ఉంది. అక్కడితో ఆపేసేను. ముందుకి చదవడానికి ధైర్యం చాల్లేదు. మెస్సులో ఒకాయనకి ఇలాగే మచ్చ అని మొదలై, ఊరెళ్లి, మరి రాలేదు. నేను ఊరొస్తే మీరు స్కానంటారు, స్కానంటే తేలిపోతుంది. తేలకపోతే లేనట్టే కదా అనుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరైనా దగ్గితే నేనే దగ్గినట్టు ఉలిక్కిపడ్డాను. ఎడం పక్కకి తిరిగి పడుకోలేదు. డోలు కొడితే గుండెలదురుతాయని ఇక్కడ భజనలో కూడా ముట్టుకోలేదు. నీ ఉత్తరంలో స్కాన్ మాట చూడగానే మీకు తెలిసిపోయిందనుకున్నాను. ఇంకో సంసారమేమిటే? ఉన్న ఒక్క సంసారానికే మొహం చూపించలేక ఇక్కడ దాక్కున్నాను. సువర్ణ అలా అనుకుందంటే తప్పు నాదే. ఆవిడకి ఈ ఉత్తరం కూడా చదివి వినిపించు, ప్రతి అక్షరం.

ఇవాళ ఆ రిపోర్టు మళ్లీ తీసి, ఏసుదాసు చేత చివరిదాకా చదివించేను. చివర ఒక లైనుంది. "కుడివైపు ఏడో పక్కటెముకకి మానిన పాత విరుపు." నేను ఆపేసిన చోటికి రెండు లైన్ల కింద.

ఏసుదాసు కంప్యూటర్ల షాపులోనే పని చేస్తాడు. సీడీ కాపీ చేసి పంపుతున్నాడు. పంపేముందు ఒక్కటి చెప్పు. అది అన్నయ్యదైతే, నేను సంతోషపడాలా, ఏడవాలా?

బాబాయి

*

అల్లవరం,
అక్టోబరు 10

బాబాయ్,

దొంతరలు కుదిరాయి.

సాగదీయలేదు. కాస్త జరిపి, కాస్త తిప్పానంతే. కణుపు మీద కణుపు వచ్చి కూర్చుంది, వెన్నెముక మీద వెన్నెముక, గుండె తన చోట తను. అప్పుడు మచ్చ ఉన్న రేకు తీశాను. రెండు నిమిషాలు చూడకుండా కళ్లు మూసుకున్నాను. తేలకపోతే లేనట్టే అన్న నీ సిద్ధాంతం మన వంశంలో అందరికీ ఉంది. తెరిస్తే, అక్కడే ఉంది. అదే చోట, అంతే గింజ. నీ పెట్టెలో ఉన్న నాలుగేళ్లూ అది అంగుళం కదల్లేదు, ఆవగింజంత పెరగలేదు.

కాకినాడ పట్టుకెళ్లాను. డాక్టరుగారు ముందు గేదె ఎక్కడుందా అని వెతికారు. తర్వాత కణుపు మీద వేలు పెట్టి చూశారు, మళ్లీ కొలిచారు, ఇంకో డాక్టరుగార్ని పిలిచారు. "పాతదే. ఎప్పుడో మానిపోయిన మచ్చ. కొయ్యక్కర్లేదు, ఏడాదికి ఒకసారి చూద్దాం. దగ్గు వేరే," అన్నారు. అమ్మ అక్కడే బల్లకి దణ్ణం పెట్టింది. "ఈ స్కాన్ ఎక్కడ దొరికిందమ్మా?" అని అడిగారాయన. "కువైట్‌లో చీరల్లా మడతపెట్టి ఉందండి," అన్నాను.

నాన్నకి అంతా చెప్పేశాం. ఆపరేషన్ అనుకున్న సంగతి, కవర్లు మారిన సంగతి, నీ సంగతి. ఆపరేషన్ దాచినందుకు నా మీద కోప్పడ్డాడు, కవర్ల సంగతికి నవ్వాడు. నీ సంగతికి మాత్రం సన్నాయి తీసి, పీక సరిచేసి, మళ్లీ గుడ్డలో చుట్టేశాడు. అప్పుడు, "నా మచ్చ వాడు మోసేడా?" అన్నాడు. తర్వాత, "ఏదైతే ఏముందిరా అన్నాను, వెధవని," అన్నాడు. ఆ వెధవ నువ్వో తనో తేల్చలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. రెండూ చెయ్యి, కానీ ఇంటికొచ్చి చెయ్యి. నీ ఊపిరితిత్తులు నేను నెల్లాళ్లు చూశాను, అన్ని రేకులూ, కింద నుంచి పైదాకా. మచ్చ లేదు, మరక లేదు. కోవిడ్ గీతలు రెండు ఉన్నాయి, డాక్టరుగారు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. వచ్చాక ఒకసారి తీయించుకో, ఈసారి కవరు నేను పట్టుకుంటాను.

పిన్నికి నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని, "నాలుగేళ్లు ఒక్క పక్కకే పడుకున్నారా?" అంది. నీ డోలు అటక మీంచి దింపి ఎండలో పెట్టింది. తోలు వదులైపోయింది, కానీ చినగలేదు.

బీరువా తాళాలు ఇకపై తన దగ్గరే ఉంచుకునే,
మమత

*

కువైట్,
అక్టోబరు 14

చిరంజీవి మమతకి,

సెలవిచ్చేరు. కార్తీకం మొదటి ముహూర్తానికి అందుకుంటాను. అన్నయ్యకి చెప్పు, ఆ డోలు కుర్రాణ్ణి పెళ్లికూతుళ్లని చూసుకోమనమని.

నిన్న రాత్రి ఎడం పక్కకి తిరిగి పడుకున్నాను. నిద్ర పట్టలేదు, అలవాటు తప్పింది. పట్టకపోయినా అటే ఉన్నాను.

కవరు తెస్తున్నాను. అన్నయ్యది అన్నయ్యకి ఇచ్చేస్తాను, నాది నీ బీరువాలోనే ఉంచు. మళ్లీ కువైట్ వచ్చేటప్పుడు పెట్టెలో ఆ జాగా ఖాళీగా ఉంటుంది. పెళ్లి ఫోటో గోడ మీంచి తీసి తుడిచి ఉంచమని మీ పిన్నితో అను. నేను చెప్పేనని అనకు.

ఒద్దు, అను.

బాబాయి